హైదరాబాద్‌లో ఆటకు చోటు ఎంచుకోవడం ఎలా: ఫీజు కట్టే ముందు ఒక వారం పని

వేసవి సెలవులు దగ్గర పడగానే బంధువులు, ఇరుగుపొరుగు, ఆఫీసులో తోటివారు నన్ను అడిగే ప్రశ్న ప్రతి ఏడాదీ ఒకటే: "పిల్లల్ని ఏదైనా ఆటలో చేర్పించాలి, మన ఊళ్లో ఎక్కడ బాగుంటుంది?" యాభై దాటినవారు అదే ప్రశ్నను తమ కోసం అడుగుతారు. డాక్టరు నడవమన్నారనో, ఈత కొట్టమన్నారనో చెప్పి, ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదంటారు. ఒక్కొక్కరికి విడిగా చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను. అందరికీ సరిపోయే ఒక్క పేరు నా దగ్గర లేదు కానీ, మీ ఇంటికి, మీ వేళకు, మీ ఆటకు సరిపోయే చోటును వెతికి పట్టుకునే పద్ధతి మాత్రం ఉంది. దానికి ఒక వారం పడుతుంది.

ఈ నగరంలో చోటుకు కొదవ లేదన్న సంగతి ముందుగా గుర్తు పెట్టుకోండి. 1687లో గోల్కొండను ముట్టడించినప్పుడు ఔరంగజేబు సేనలు విడిది చేసిన చోటు ఫతే మైదాన్. ఆసఫ్‌జాహీల కాలంలో అక్కడ పోలో ఆడేవారు, 1967 నుంచి దాని పేరు లాల్ బహదూర్ స్టేడియం. కుతుబ్‌షాహీల కాలంలో, 1560లలో తవ్విన హుస్సేన్‌సాగర్‌లో నేడు తెరచాప పడవల పోటీలు జరుగుతున్నాయి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలోను, సరూర్‌నగర్‌లోను స్టేడియాలు లేచాయి. ఇవి కాక కాలనీ మైదానాలు, ప్రైవేటు అకాడమీలు, గంట లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు (కృత్రిమ గడ్డి మైదానాలు), చుట్టూ గుట్టలు, చెరువులు ఉన్నాయి. ఇన్ని ఉండడం వల్లనే చాలామంది తికమకపడి, ఫోనులో ముందుగా కనిపించిన దానికో, పెద్ద బోర్డు ఉన్న దానికో ఏడాది ఫీజు కట్టేస్తున్నారు.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక చిన్న నోటుపుస్తకం, కలం, సెకన్ల ముల్లు ఉన్న గడియారం లేదా ఫోనులోని స్టాప్‌వాచ్, కొలిచే టేపు ఉంటే చాలు. చేరబోయేది పిల్లలైతే వయసు ధ్రువపత్రం నకలు, రెండు ఫొటోలు, ఆధార్ నకలు కూడా ఒక కవరులో పెట్టుకోండి, ఎందుకంటే ప్రభుత్వ స్టేడియాల్లో దరఖాస్తుతో పాటు సాధారణంగా వీటిని అడుగుతారు. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, మోకాలి శస్త్రచికిత్స వంటివి ఏమైనా ఉంటే డాక్టరు చేత ఒక చీటీ రాయించుకోండి. ఈతకొలనులో చేరేవారికి ఆరోగ్య ధ్రువపత్రం ఎలాగూ అవసరమవుతుంది.

1. ఎవరి కోసమో, ఎందుకోసమో ఒక్క వాక్యంలో రాయండి

"తొమ్మిదేళ్ల పాప నీళ్లంటే భయం పోయి, ఒక పొడవు ఆగకుండా ఈదాలి" అన్నది పనికొచ్చే వాక్యం. "పిల్లవాడు ఫోను వదలాలి" అన్నది కూడా పనికొస్తుంది, అయితే దానికి అకాడమీ అక్కరలేదు, కాలనీ మైదానం చాలు. "మంచి భవిష్యత్తు" అని రాస్తే దానితో ఏ చోటునూ కొలవలేరు. వాక్యం కుదరకపోతే పిల్లలనే అడగండి. వాళ్లు చెప్పిన ఆట మీరు అనుకున్న ఆట కాకపోవచ్చు.

2. ప్రయాణాన్ని అదే వేళకు, అదే బండి మీద కొలవండి

ఫోను పటంలో మధ్యాహ్నం చూస్తే 15 నిమిషాలని చూపించే దారి సాయంత్రం ఆరు గంటలకు 45 నిమిషాలు పడుతుంది. వారంలో ఏదో ఒక పనిదినాన, మీరు నిజంగా వెళ్లబోయే వేళకు, ఇంటి తలుపు తాళం వేసిన క్షణం నుంచి మైదానం గేటు దాటే వరకు ఎంత సేపు పట్టిందో నోటుపుస్తకంలో రాసుకోండి. నా అనుభవంలో ఒకవైపు 30 నిమిషాలు దాటిన చోటుకు మూడో నెల తరువాత కూడా క్రమంగా వెళ్లినవారు చాలా తక్కువ.

సైనా నెహ్వాల్, సింధు చిన్నతనంలో రోజూ ఎంతో దూరం ప్రయాణించి శిక్షణకు వెళ్లారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ ఆ పిల్లలకు ఆట మీద ఉన్న పట్టుదల, ఆ తల్లిదండ్రులు దానికోసం మార్చుకున్న జీవితం కూడా ఆ లెక్కలో ఉన్నాయి. మొదటి ఏడాదిలో మీకు కావలసింది వెళ్లడం మానకుండా ఉండే చోటు. పిల్లలో ఆట నిలిచిందని తేలాక దూరం సంగతి మళ్లీ ఆలోచించవచ్చు.

మెట్రో దగ్గర ఉన్నవారు ఈ జాబితా చూసుకోండి. లాల్ బహదూర్ స్టేడియానికి అసెంబ్లీ స్టేషన్ దగ్గర. యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర రెడ్డి ఇండోర్ స్టేడియానికి యూసుఫ్‌గూడ స్టేషన్, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌కు మలక్‌పేట, సరూర్‌నగర్ స్టేడియానికి విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వాడుకోవచ్చు. ఉప్పల్ క్రికెట్ స్టేడియం పేరుతో ఒక స్టేషనే ఉంది కానీ, అది మ్యాచ్‌లు చూడడానికి వెళ్లే చోటు. పిల్లవాణ్ణి నెట్స్‌కు, అంటే వలల మధ్య చేసే క్రికెట్ సాధనకు, తీసుకువెళ్లే చోటుగా దాన్ని లెక్క వేసుకోకండి.

3. ముందు ప్రభుత్వ మైదానాలు చూడండి, తరువాతే ప్రైవేటు

దీన్ని నేను గట్టిగా చెబుతాను. ప్రభుత్వ స్టేడియం అనగానే పెచ్చులూడిన గోడలు, విరిగిన కుళాయిలు గుర్తుకు వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండానే దాటిపోయేవారు ఎక్కువ. గోడల సంగతి కొన్ని చోట్ల నిజమే, కానీ ఆడే నేల వైశాల్యం, అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న శిక్షకుల అనుభవం, ఫీజు ఈ మూడింటినీ కలిపి చూస్తే నగరంలో వాటికి సాటి వచ్చేవి కొన్నే ఉన్నాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కోచ్ ఎస్.ఎ. రహీం ఈ నగరం మైదానాల్లో పనిచేసినవారే. సైనా తొలి పాఠాలు నేర్చింది లాల్ బహదూర్ స్టేడియంలోనే.

ఎలా వెళ్లాలంటే, ఉదయం 6 నుంచి 8 మధ్యగానీ, సాయంత్రం 5 తరువాతగానీ స్టేడియానికి వెళ్లి, ముందుగా మైదానంలో మీ ఆట శిక్షకుడు ఎవరో తెలుసుకొని మాట్లాడండి, ఆ తరువాత కార్యాలయంలో దరఖాస్తు అడగండి. నేరుగా కార్యాలయానికి వెళ్తే మీకు దొరికేది ఖాళీల వివరమే. శిక్షకుడైతే ఏ బ్యాచ్‌లో మీ పిల్లల వయసువారున్నారో, ఎవరు కొత్తవారో, ఎవరు పోటీలకు సిద్ధమవుతున్నారో చెప్పగలరు.

ప్రత్యామ్నాయం: పెద్ద స్టేడియం దూరమైతే మీ వార్డులోని నగరపాలక సంస్థ మైదానాన్నో, షటిల్ కోర్టునో, ఈతకొలనునో చూడండి. వేసవిలో నగరపాలక సంస్థ నడిపే శిక్షణ శిబిరాలు ఏప్రిల్ చివరి వారంలో మొదలై మే ముగిసే వరకు సాగుతాయి. ఫీజు నామమాత్రం. ఆట మీద పిల్లలకు ఇష్టం ఉందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటె చవకైన దారి లేదు. ఏప్రిల్ రెండో వారంలోనే వెళ్లి పేరు నమోదు సంగతి కనుక్కోండి, ఎందుకంటే ఈత, స్కేటింగ్ బ్యాచ్‌లు చాలా త్వరగా నిండిపోతాయి.

4. చెప్పకుండా వెళ్లి ఒక గంట కూర్చోండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ల వయసులో షటిల్ నేర్పించాలని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రానికి వెళ్లాము. ఆదివారం ఉదయం పదకొండు గంటలకు వెళ్లాము. నాలుగు కోర్టులు, మెరిసే నేల, ఆరుగురే పిల్లలు. పది నెలల ఫీజు కడితే రెండు నెలలు ఉచితమన్నారు, కట్టేశాను. రెండో వారంలో ఒక బుధవారం సాయంత్రం అమ్మాయిని దింపి, వెంటనే వెళ్లిపోకుండా బల్ల మీద కూర్చున్నాను. అవే నాలుగు కోర్టుల్లో ముప్పై ఒక్క మంది పిల్లలున్నారు. నెట్‌కు ఇవతల వరుసలో నిలబడి, వంతు వచ్చినప్పుడు మూడు షటిళ్లు కొట్టి, మళ్లీ వరుస చివరికి వెళ్తున్నారు. మా అమ్మాయి రాకెట్‌ను భుజం మీద పెట్టుకొని, ముందున్న పిల్ల జడ రిబ్బను మడతలు లెక్కపెడుతూ నిలబడి ఉంది. నేను స్టాప్‌వాచ్ తీసి, ఆమె కదులుతున్నప్పుడు మాత్రమే నడిపించాను. గంట ముగిసేసరికి అది తొమ్మిది నిమిషాల దగ్గర ఉంది. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వడం నిబంధనల్లో లేదన్నారు. ఆ నిబంధన రసీదు వెనుక సన్నని అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు.

అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా "ఆడిన నిమిషాలు" లెక్కపెట్టమనే చెబుతున్నాను. పద్ధతి ఇది:

మీరు చేరబోయే బ్యాచ్ వేళకే, పనిదినాన, ముందుగా ఫోను చేయకుండా వెళ్లండి. మీ పిల్లల వయసు, స్థాయి ఉన్న ఒక్క పిల్లవాణ్ణి ఎంచుకోండి. అందరికంటే చురుకైనవాణ్ణి ఎంచుకోకండి, వరుసలో మధ్యలో ఉన్నవాణ్ణి చూడండి. వాడు పరిగెత్తుతున్నప్పుడు, కొడుతున్నప్పుడు, ఈదుతున్నప్పుడు గడియారం నడిపించండి. నిలబడితే ఆపండి. గంటలో 30 నిమిషాలు దాటితే చాలా మంచి చోటు. 20 నుంచి 30 మధ్య ఉంటే సరిపోతుంది. 15 కంటె తక్కువైతే, శిక్షకుడు ఎంత పేరున్నవారైనా, ఆ బ్యాచ్‌లో చేర్చకండి, వేరే వేళ అడగండి. ఈ అంకెలు నేను పదిహేను, ఇరవై చోట్ల కూర్చుని చూసి పెట్టుకున్నవి. క్రికెట్ వంటి ఆటలో బ్యాటింగ్ వంతు కోసం ఆగడం సహజం కాబట్టి, ఆ ఆగే సమయంలో బంతి పట్టడమో, విసరడమో చేయిస్తున్నారా అన్నది చూసి లెక్కలో కలపండి.

హెచ్చరిక: పిల్లలను ఫొటోలు, వీడియోలు తీయకండి. కూర్చొని చూడడానికి తల్లిదండ్రులను అసలు అనుమతించని చోటైతే, కనీసం ఒక్క గంట చూడనివ్వమని మర్యాదగా అడగండి. దానికీ ఒప్పుకోకపోతే ఇక ఆలోచించకుండా మరో చోటు చూసుకోండి.

5. నేలను, నీళ్లను, దీపాలను మీరే పరీక్షించండి

ఈతకొలను. గట్టు మీద నిలబడి లోతు ఎక్కువ ఉన్న వైపు చూడండి. అడుగున ఉన్న నల్ల గీతల అంచులు, నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రాలు స్పష్టంగా కనిపించాలి. అవి మసకగా ఉంటే, మునిగిన మనిషి కూడా పైనున్నవారికి మసకగానే కనిపిస్తాడు కాబట్టి, ఆ రోజు ఆ నీళ్లలో ఎవరూ దిగకూడదు. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే నీళ్లు బాగా శుభ్రంగా ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఘాటు చెమట, మూత్రం వంటి వాటితో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే పదార్థాలది. పరీక్షల పుస్తకం చూపించమని అడగండి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి, ఆ రోజు తేదీ కూడా ఉండాలి. లోతు అంకెలు గట్టు మీద రాసి ఉన్నాయో లేదో, ఈత నేర్పేవారు కాక కేవలం కాపలా కోసమే ఒక గజ ఈతగాడు ఉన్నాడో లేదో చూడండి. నేర్పేవారు కాపలా కూడా కాస్తారన్న మాటకు ఒప్పుకోకండి, ఎందుకంటే ఒకరికి చేతులు తిప్పడం నేర్పుతున్న మనిషి మరొకరి మీద కన్ను వేయలేడు.

షటిల్ కోర్టు. చెప్పులు విప్పి ఒకసారి ఎగిరి దిగండి. చెక్క మీద సింథటిక్ మ్యాట్ పరిచిన నేల కొద్దిగా లోపలికి ఒదిగి, డొల్ల చప్పుడు చేస్తుంది. సిమెంటు మీద నేరుగా మ్యాట్ పరిస్తే మడమలో ఝల్లుమంటుంది. వారానికి ఒకటి రెండు రోజులు ఆడే పెద్దలు అయితే సర్దుకోవచ్చు, రోజూ ఆడే పిల్లలకు అది పనికిరాదు. తరువాత కోర్టు వెనుక గీత దగ్గర నిలబడి, ఎవరినైనా ఎత్తుగా సర్వీసు చేయమని పైకి చూడండి. దీపం వెలుతురులో షటిల్ మాయమైతే దీపాలు తప్పు చోట బిగించారన్న మాట. కోర్టు పొడవు 13.4 మీటర్లు, జోడీల ఆటకు వెడల్పు 6.1 మీటర్లు, నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు ఉండాలి. టేపు పెట్టి కొలిస్తే, కొన్ని చోట్ల కోర్టును కుదించి ఒక కోర్టు అదనంగా ఇరికించిన సంగతి బయటపడుతుంది.

పరుగు ట్రాక్. సింథటిక్ ట్రాక్ మీద అరచేతితో గట్టిగా రుద్దండి. చేతికి ఎర్రని రబ్బరు పొడి అంటుకుంటే ఆ ట్రాక్ ముసలిదైపోయిందని గుర్తు. అతుకుల దగ్గర అంచులు లేచి ఉంటే కాలు తట్టుకుంటుంది. నడవడానికి వచ్చేవారు లోపలి లేన్లను వదిలి 6, 7, 8 లేన్లలో నడవాలి. లోపలి లేన్‌లో శిక్షణ పొందే పిల్లలు వేగంగా వస్తుంటారు, ఢీకొంటే ఇద్దరికీ దెబ్బే.

టర్ఫ్. రాత్రి పూట గంట లెక్కన అద్దెకు తీసుకునే బాక్స్ క్రికెట్ (చుట్టూ వల కట్టిన చిన్న చోట ఆడే క్రికెట్) టర్ఫ్‌లలో మూడు చూడండి: ఇనుప స్తంభాలకు మెత్తటి తొడుగు ఉందా, వలలో బంతి దూరేంత చిరుగులు ఉన్నాయా, గడ్డి అతుకులు లేచి ఉన్నాయా. గట్టి బంతితో అక్కడ ఆడకండి.

6. ఫీజు మాట

వీలైతే ఒక నెల ఫీజే కట్టండి. రాయితీ ఎంత చూపించినా మొదటిసారి మూడు నెలలకు మించి కట్టకండి. కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను రసీదు మీదో, ఫోను సందేశంలోనో రాయించుకోండి: సెలవు రోజులకు బదులు తరగతులు ఉంటాయా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుంది, శిక్షకుడు మారితే ముందుగా చెబుతారా, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు? చివరి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేని చోట ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుందో చూపించమనండి. దానికి తాళం వేసి ఉండి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వెతుక్కుంటూ ఉంటే మీకు విషయం అర్థమైనట్టే.

7. ఆరుబయట చోట్లకు వేరే లెక్క ఉంది

నడకకు, సైకిలుకు, గుట్టలు ఎక్కడానికి ఫీజులు తక్కువ, చాలా చోట్ల అసలు ఉండవు. కానీ వేళ తప్పితే నష్టం ఎక్కువ.

నడక కోసం జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు బాగా ప్రసిద్ధం. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి తునకలో నెమళ్లు తిరుగుతుంటాయి. లోపలికి ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళల్లోనే అనుమతిస్తారు. కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, మొదటి రోజే బయటి ఫుట్‌పాత్ మీద పార్కు చుట్టూ తిరిగి రావాలనుకోవడం. వాహనాల పొగ, ఎత్తుపల్లాలు కలిసి అలసిపోతారు. లోపలి మట్టి దారిలో 20 నిమిషాలు నడిచి వెనక్కు తిరగండి. తూర్పు వైపు ఉన్నవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద తెల్లవారుజామున నడిచేవారి సందడి చూస్తే మీకూ నడవాలనిపిస్తుంది.

సైకిలుకు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. అద్దె సైకిలు తీసుకుంటే, కదిలే ముందు రెండు బ్రేకులూ నొక్కి సైకిలును ముందుకు తోసి చూడండి, చక్రం జారితే వేరేది అడగండి. తిరుగు ప్రయాణం కూడా ఉంటుందని మరచిపోయి, ఉన్న శక్తి అంతా వెళ్లేటప్పుడే ఖర్చు చేసేవారు చాలామంది. వెళ్లవలసిన దూరం మీ శక్తిలో మూడో వంతు అనుకోండి.

గోల్కొండ కోటను కొందరు వ్యాయామానికి వాడుకుంటారు, నేనూ వాడుకుంటాను. కోట శిఖరాన ఉన్న బాలా హిస్సార్ పైకి దాదాపు 360 మెట్లు. కోటను తెల్లవారుజామున తెరవరు కాబట్టి మార్చి నుంచి జూన్ మధ్య వరకు దీన్ని వదిలేయండి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మెట్ల ఎత్తు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, నాలుగు వందల ఏళ్ల నడకకు రాళ్ల అంచులు నున్నగా అరిగిపోయాయి. ఎక్కేటప్పుడు గుండె శ్రమిస్తుంది, దిగేటప్పుడు మోకాలు శ్రమిస్తుంది. అందువల్ల మోకాలి నొప్పి ఉన్నవారు ఎక్కగలిగాము కదా అని ధైర్యపడకూడదు. వాన పడిన రోజు పైకి వెళ్లవద్దు. కింద ద్వారం గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే ఎత్తున ఉన్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని గైడ్లు చూపిస్తారు. పైన నిలబడి ఆ చప్పుడు వినిపించిందంటే మీ ఊపిరి నిమ్మళించిందనే నేను లెక్కవేస్తాను. రొప్పుతూ ఉంటే ఏమీ వినబడదు.

గుట్టల మీద రాళ్లు ఎక్కాలనుకునేవారికి ఖాజాగూడ వైపు బండలు ఉన్నాయి. ఒంటరిగా వెళ్లకండి, తాడు, హెల్మెట్ ఉన్న అనుభవజ్ఞుల బృందంతోనే వెళ్లండి. ఎక్కిన బండ మీద నుంచి దిగే దారి ముందే చూసుకోకుండా ఎక్కడం ఇక్కడ అందరూ చేసే తప్పు.

తెరచాప పడవ నేర్చుకోవాలంటే హుస్సేన్‌సాగర్ ఉంది. గాలి బాగా ఉండే వానకాలంలోనే, ముఖ్యంగా జూలైలో, ఇక్కడ జాతీయ స్థాయి పోటీలు జరుగుతుంటాయి. ఈత రాని పిల్లలను ముందు ఈతకొలనుకు పంపి, తరువాత పడవకు పంపండి. రక్షణ జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగండి. అది గడ్డం దాటి పైకి వస్తే సైజు పెద్దదని అర్థం. ఒంటి మీద గాయం ఉన్న రోజు ఆ నీళ్ల జోలికి పోవద్దు, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయాలి.

గండిపేట, హిమాయత్‌సాగర్ గురించి ఒక గట్టి మాట. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని కాపాడడానికి, తాగునీటికి కట్టిన జలాశయాలివి. గట్టు మీద గాలికి కూర్చోండి, పక్కన ఉన్న పార్కులో పిల్లలను ఆడించండి, కానీ నీళ్లలోకి మాత్రం దిగకండి. పైకి నిశ్చలంగా కనిపించినా అడుగున బురద, గుంతలు ఉంటాయి, వానలకు గేట్లు ఎత్తితే దిగువన ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. సెలవు రోజున స్నేహితులతో వెళ్లిన కుర్రవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాము.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటి రోజే ఖరీదైన సామాను కొనడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒక నెల వరకు రాకెట్, బ్యాటు అరువు తెచ్చుకోవచ్చు. ఒక్క బూట్ల విషయంలో మాత్రం వెనుకాడవద్దు. షటిల్‌కు గుర్తులు పడని గమ్ సోల్ బూట్లు, పరుగుకు పరుగు బూట్లు వేరువేరుగా ఉండాలి. పరుగు బూట్లతో షటిల్ ఆడితే పక్కకు కదిలినప్పుడు చీలమండ మడత పడుతుంది, ఎందుకంటే వాటి అడుగు ఎత్తుగా, మెత్తగా ఉంటుంది.

రెండో పొరపాటు, ఒకేసారి రెండు మూడు ఆటల్లో చేర్చడం. స్కూలు అయ్యాక సాయంత్రం ఈత, వెంటనే కరాటే అంటే, ఆ పిల్ల రెండో చోట నిద్రపోతూనే ఉంటుంది.

వేసవిలో ఉదయం తొమ్మిది దాటాక పరుగెత్తించడం, కడుపు నిండా తిన్న వెంటనే ఈతకు పంపడం, జ్వరం తగ్గిన మర్నాడే ఆటకు పంపడం కూడా నేను తరచుగా చూస్తున్నవి. పెద్దలైతే ఛాతీలో బరువు, ఎడమ చేతిలో లాగినట్టు అనిపిస్తే అక్కడే ఆగి, 108కి ఫోను చేయించాలి. "కాసేపు కూర్చుంటే తగ్గుతుంది" అని ఇంటికి బండి నడుపుకుంటూ వెళ్లకూడదు.

నెల తరువాత ఫలితాన్ని ఇలా సరిచూసుకోండి

నోటుపుస్తకంలో రోజుకు మూడు అంకెలే రాయండి: వెళ్లామా లేదా, ప్రయాణానికి ఎన్ని నిమిషాలు, ఆడినది ఎన్ని నిమిషాలు. మూడోది రోజూ కొలవనక్కరలేదు, వారానికి ఒక్కసారి కూర్చుని చూస్తే చాలు. నెల చివర లెక్క వేసినప్పుడు, వెళ్లవలసిన రోజుల్లో నాలుగింట మూడు వంతులు వెళ్లి ఉంటే చోటు సరైనదే. అంతకంటె తగ్గితే పిల్లలను తిట్టకండి, ముందు ప్రయాణం అంకె చూడండి. తప్పు చాలా వరకు అక్కడే కనిపిస్తుంది. ప్రయాణం కంటె ఆడిన సమయం తక్కువగా ఉంటే వేళ మార్చండి, లేదా చోటు మార్చండి.

మొదటి రోజు రాసుకున్న వాక్యాన్ని కూడా మళ్లీ చదవండి. ఈత నేర్చుకుంటున్న పిల్లలు మొదటి నెలలో ఒక పొడవు ఈదకపోయినా, నీళ్లలో ముఖం ముంచి బుడగలు వదలగలగాలి, గట్టు పట్టుకోకుండా పది లెక్కపెట్టేంతసేపు తేలగలగాలి. షటిల్‌లో అటు ఇటు కలిపి పది దెబ్బలు షటిల్ కింద పడకుండా సాగాలి. నడక మొదలుపెట్టిన పెద్దలు అదే దారిలో, అదే వేగంతో నడుస్తూ పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి.

ఇవేవీ కనిపించకపోతే ఇంకో నెల ఆగండి, కానీ శిక్షకుణ్ణి కలిసి "మా పాప ఎక్కడ ఆగిపోయింది?" అని అడగండి. పాప పేరు, పాప చేసే తప్పు రెండూ ఆలోచించకుండా చెప్పగలిగితే అక్కడే కొనసాగించండి. పేరు గుర్తు లేక రిజిస్టరు తిరగేస్తుంటే మాత్రం రెండో నెల ఫీజు కట్టకండి. మా అమ్మాయిని ఆ పెద్ద కేంద్రం నుంచి మాన్పించి మా కాలనీ వెనుక ఉన్న రెండు కోర్టుల హాల్లో చేర్చినప్పుడు, అక్కడి కోచ్ గారు మూడో రోజే "బ్యాక్‌హ్యాండ్‌కు బొటనవేలు పక్కకు జారుతోందండీ, ఇంట్లో దువ్వెన పట్టుకొని అలవాటు చేయించండి" అన్నారు. ఆ సాయంత్రం అమ్మాయి అద్దం ముందు దువ్వెన పట్టుకొని నిలబడి, బొటనవేలు ఎక్కడ పెట్టాలో నాకే చూపించింది.